బడి గోడ మీద ఎవరి పేరు?
(విద్యాలయాలు, పారిశ్రామిక సంస్థల ప్రాయోజకత్వం, వాణిజ్య ప్రకటనలు: ఒక పరిశీలన)

బీరంగూడ కమాను వద్ద ఉదయం ఎనిమిది గంటలకు బస్సు కొరకు నిలిచిన విద్యార్థి మొదట చదివేది ఏమిటి? చేతిలోని పుస్తకం కాదు, ఎదుటనున్న బోర్డులు. జాతీయ రహదారికి ఇరువైపులా ఇండ్ల స్థలాల బోర్డులు, శీతల పానీయాల బోర్డులు, ర్యాంకులు సాధించిన పిల్లల ముఖాలతో నిండిన విద్యాసంస్థల బోర్డులు వరుసగా నిలిచి ఉంటాయి. ఈ చదువుకు ఫీజు లేదు, పరీక్ష లేదు, వేసవి సెలవులు కూడా లేవు.

రోడ్డు మీది ప్రకటన సంగతి వేరు. అది దూరం నుండి పిలుస్తుంది. వినదలచనివాడు తల తిప్పుకొని పోవచ్చును. ఆ ప్రకటనయే బడి గేటు దాటి లోనికి వచ్చి, ఉపాధ్యాయుని ప్రక్కన నిలిచి, పాఠం వలె మాట్లాడితే మాత్రం విద్యార్థికి తల తిప్పుకొనే వీలు లేదు. హాజరుపట్టీ అతనిని అక్కడ కూర్చుండబెడుతుంది. ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఈ స్థితినే.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి మరింత దగ్గరిది. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వెలసినది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ ఏర్పడినది. 1970లలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ రూపుదిద్దుకొన్నది. తరువాత బొల్లారం, పాశమైలారం వచ్చినవి. చేలు ఉండిన చోట షెడ్లు, షెడ్ల వెనుక కాలనీలు, కాలనీల నడుమ బడులు పుట్టినవి. బడికి బల్లలు చాలకపోయినా, మంచినీటి యంత్రం చెడిపోయినా, ప్రహరీ గోడ కూలినా, ప్రధానోపాధ్యాయుని చూపు సహజంగా కంపెనీల వైపు పోతుంది. అందులో తప్పేమీ లేదు. అడిగే విధానంలోనూ, పుచ్చుకొనే విధానంలోనూ కొంత వివేకం కావలెనన్నదే మా మనవి.

మూడు మాటలు, మూడు అర్థాలు

మనం వాడుకలో కలిపివేసే మూడు మాటలను మొదట విడదీసుకోవాలి. దానం, ప్రాయోజకత్వం, ప్రకటన.

దానంలో ఇచ్చినవాడు తిరిగి ఏమీ కోరడు. అతని పేరు నలుగురికీ తెలియవచ్చును, తెలియకపోవచ్చును. మన భాషలో గుప్తదానం అనే మాట ఉన్నది. ఇస్లాంలో కూడా రహస్యంగా చేసిన సదఖాకు విశేషమైన గౌరవం ఉన్నది. వక్ఫ్ అనే ఏర్పాటులో ఆస్తి ఇచ్చిన వాకిఫ్ దానిని మరల తన సొమ్ముగా వాడుకోజాలడు. దాని ఆలనాపాలన చూసే ముతవల్లీ కూడా యజమాని కాడు. ఇచ్చినది ఇచ్చినట్లే.

ప్రాయోజకత్వం అనే మాటను ఆకాశవాణి శ్రోతలు ఎరుగుదురు. ‘ఈ కార్యక్రమాన్ని సమర్పిస్తున్నవారు’ అన్నప్పుడు, కార్యక్రమం ఒకరిది, ఖర్చు మరొకరిది, పేరు ఇద్దరిది. ఇక ప్రకటన అంటే ఫలానా వస్తువును కొనుమని చెప్పడం. అది తన ఉద్దేశాన్ని దాచదు. ఈ మూడింటిలో కడపటిది అన్నిటికన్న ప్రమాదకరమని తోచవచ్చును. మా అభిప్రాయం అది కాదు. దానం వేషంలో వచ్చిన ప్రకటన అంతకన్న ప్రమాదకరం. అది వచ్చినట్లే మనకు తెలియదు.

వీటిని వేరు చేయడానికి ఒక సులభమైన ప్రశ్న చాలును. ‘ఈ విరాళం వలన పిల్లవాడు ఏదైనా కొనవలసి ఉన్నదా?’ సంగారెడ్డి సమీపాన కంది వద్ద ఇన్ఫోసిస్ ఫౌండేషన్ సహాయంతో నిర్మితమైన అక్షయపాత్ర వంటశాల నుండి బడులకు మధ్యాహ్న భోజనం వెళుతుంది. ఆ అన్నం తిన్న పిల్లవాడు ఇంటికి పోయి అమ్మను ఏ వస్తువూ కొనిపెట్టుమని అడగడు. అదే ఒక చాక్లెట్ కంపెనీ ఆటల పోటీ జరిపి, రేపర్లు తెచ్చినవారికే ప్రవేశమంటే, ఆ ఆటస్థలం ఆ పూటకు దుకాణమైనట్లే.

చట్టం చెప్పేదేమి?

కంపెనీలు బడులకు ఇచ్చే సొమ్ములో కొంత నేడు చట్టబద్ధమైన బాధ్యతగా వస్తున్నది. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవరు 1000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని, అంతకు మించి గాని ఉన్న కంపెనీ, గడచిన మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత క్రింద వెచ్చించాలి. ఒక కంపెనీకి మూడేండ్లలో వరుసగా 8, 10, 12 కోట్ల లాభం వచ్చినదనుకొందాం. సగటు 10 కోట్లు, అందులో 2 శాతం 20 లక్షలు. విద్యాభివృద్ధి ఈ ఖర్చుకు అర్హమైన రంగాలలో ఒకటి. కంపెనీ తాను పనిచేసే ప్రాంతానికి, పరిసరాలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షను చెబుతున్నది.

మన విద్యార్థులు, పాలకవర్గం తప్పక గుర్తుంచుకోదగిన విషయం మరొకటి ఉన్నది. తమ సరుకుకు, సేవలకు వ్యాపార ప్రయోజనం పొందే నిమిత్తం చేసే ప్రాయోజకత్వం సామాజిక బాధ్యత ఖర్చుగా చెల్లదని 2021లో సవరించిన నిబంధనలు స్పష్టం చేసినవి. కనుక ఒక సంస్థ ప్రతినిధి వచ్చి, ‘మా సామాజిక బాధ్యత నిధి నుండి ప్రయోగశాల కట్టిస్తాము, మీరు మా సరుకు బొమ్మలు గోడలకు వేయించండి’ అంటే, ‘అయ్యా, ఈ రెండూ ఒక పద్దులో ఇమడవు కదా’ అని వినయంగా చెప్పవచ్చును. ఇది మొండితనం కాదు. వారి నిబంధనను వారికి గుర్తుచేయుటయే.

2022లో మన రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘మన ఊరు - మన బడి’ కార్యక్రమంలో కూడా దాతలకు చోటు కల్పించినారు. పెద్ద మొత్తం ఇచ్చినవారు సూచించిన పేరును తరగతి గదికి, మరింత ఇస్తే బడికి పెట్టే ఏర్పాటు అందులో ఉండెను. తల్లిదండ్రుల పేరు నిలుపుకోవాలనే కోరిక మన గ్రామాలలో పాతదే. అయితే తండ్రి పేరు వేరు, సబ్బు పేరు వేరు. ఈ గీతను గీయవలసినది బడి యాజమాన్యమే.

ప్రకటన తరగతిలోనికి వచ్చే దారులు

పండ్ల పొడి, టూత్‌పేస్టుల సంగతి చూడండి. మన దేశంలో కోల్గేట్ సంస్థ పాఠశాలల దంత ఆరోగ్య కార్యక్రమాన్ని 1976 నుండి నడుపుతున్నది. పళ్ళు ఎలా తోముకోవాలో నేర్పడం మంచి పనియే. ఆ పాఠం వలన పిల్లలకు మేలు జరిగిందనుటకు మాకు సంకోచం లేదు. కాని పాఠం చెప్పినవారే పేస్టు అమ్మేవారైనప్పుడు, పళ్ళు తోముకోవడమనే అలవాటూ ఆ పేస్టు పేరూ పిల్లవాని మనసులో ఒక్కటే అయిపోతాయి. వేపపుల్ల సంగతి ఆ పాఠంలో ఎవరు చెబుతారు?

బోర్న్‌విటా క్విజ్ పోటీ 1972లో మొదలైనది. రేడియోలోను, పిమ్మట టెలివిజన్‌లోను అది ఎందరో బాలబాలికలకు లోకజ్ఞానం మీద ఆసక్తి కలిగించినది. అది కాదనలేని మాట. అయితే తెలివికీ ఆ పానీయానికీ ఏదో సంబంధం ఉన్నదనే భావం కూడా ప్రశ్నలతో పాటు ఇంటింటికీ చేరినది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, బోర్న్‌విటాతో సహా ఇటువంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్’ అనే శీర్షిక నుండి తొలగించవలసిందిగా ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకు సూచించినది. 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో అటువంటి నిర్వచనమే లేదన్నది అందుకు ఆధారం. అర్ధశతాబ్దం పాటు జనం నమ్మిన ఒక మాటకు చట్టంలో అర్థమే లేదని తేలినది!

విదేశాలలో ఇంతకన్న సూటియైన ఉదాహరణ ఉన్నది. 1990లో అమెరికాలో ‘ఛానల్ వన్’ అనే సంస్థ బడులకు టెలివిజన్ సెట్లు, డిష్ ఉచితంగా ఇవ్వసాగినది. అందుకు బదులుగా దాదాపు ప్రతి పనిదినాన 12 నిమిషాల వార్తా కార్యక్రమాన్ని తరగతిలో చూపాలి. ఆ 12 నిమిషాలలో 2 నిమిషాలు ప్రకటనలు. రెండు నిమిషాలే కదా అనిపిస్తుంది. లెక్క వేయండి. ఏడాదికి 180 పనిదినాలైతే 360 నిమిషాలు, అనగా 6 గంటలు. ఒక పూర్తి బడిరోజును పిల్లలు ప్రకటనలకు అప్పగించినట్లు. ఎన్నో విమర్శల నడుమ సాగి, ఆ సంస్థ 2018లో మూతపడినది. బడికి వచ్చిన సెట్టు ఉచితం కాదు. దాని ధరను పిల్లల కాలంతో చెల్లించినారు.

ఇప్పటి కొత్త దారి మరొకటి. ‘ఉచిత ప్రతిభా పరీక్ష’ అని చెప్పి ఒక ఫారం పంచుతారు. అందులో తల్లిదండ్రుల ఫోను నంబరు, వృత్తి, ఆదాయం అడుగుతారు. పరీక్ష ఒక గంటలో ముగుస్తుంది, ఫోన్లు మాత్రం సంవత్సరమంతా మోగుతూనే ఉంటాయి. 18 సంవత్సరాలు నిండని పిల్లల సమాచారాన్ని వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననీ, పిల్లలను గురిచేసి ప్రకటనలు పంపరాదనీ 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతున్నది. ఫారం పంచే ముందు అధ్యాపకులమైన మేమూ దానిని చదవవలసి ఉన్నది.

పిల్లలకు వేరే నియమం ఎందుకు?

చిన్న పిల్లలు ప్రకటనకూ పాఠానికీ తేడా ఎరుగరు. అందుచేతనే కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 13 ఏండ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలను 1980 నుండి నిషేధించినది. స్వీడన్ 1991లో 12 ఏండ్ల లోపు వారి విషయంలో టెలివిజన్ ప్రకటనలను నిషేధించినది. మన దేశంలోనూ నియమాలు లేకపోలేదు. విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు సరుకు అమ్మరాదని 2003 నాటి చట్టం శాసించినది. కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న తినుబండారాలను బడి ఆవరణలో గాని, గేటుకు 50 మీటర్ల లోపల గాని అమ్మరాదు, ప్రకటించరాదు అని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నవి. మన బడి గేటు నుండి 50 మీటర్లు నడిచి చూసినవారికి చట్టానికీ ఆచరణకూ మధ్య దూరం ఎంతో తెలుస్తుంది.

కనిపించని ధర

ఇంతవరకు చెప్పినవి కంటికి కనిపించే విషయాలు. కనిపించనిది ఒకటి ఉన్నది. దానిని మా అనుభవం నుండి చెప్పవలసి వస్తున్నది.

ఈ ప్రాంతపు నక్కవాగు కథ మీరెరుగుదురు. పరిశ్రమల వ్యర్థజలాల వలన పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల వాగులు, చెరువులు, బావులు చెడిపోయినవని 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైనది. అది పిమ్మట రాష్ట్ర హైకోర్టుకు, అక్కడి నుండి జాతీయ హరిత న్యాయస్థానానికి చేరి, 2017లో తీర్పు వరకు సాగినది. వ్యాజ్యం మొదలైన ఏట పుట్టిన బిడ్డకు తీర్పు నాటికి 27 ఏండ్లు.

కొన్నేండ్ల క్రిందట, ఈ కళాశాలకు రాకముందు, మేము ఇక్కడికి కొంత దూరంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించేవారము. ఒక కర్మాగారం వారు ఆ బడికి బల్లలు, మంచినీటి యంత్రం ఇచ్చినారు. ప్రతి బల్ల వెనుక వారి పేరు. వార్షికోత్సవానికి వారి అధికారి ముఖ్య అతిథిగా రావలసి ఉండెను. ఆ వారం మా గోడపత్రికలో తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె తన తాతగారి పొలం గురించి ఒక పుట వ్రాసినది. వాగు ప్రక్కన బావి ఉండేదనీ, ఇప్పుడు ఆ నీటిని గేదె కూడా వాసన చూసి వెనుదిరుగుతుందనీ అందులో ఉన్నది. ఏ కర్మాగారం పేరూ లేదు, ఎవరి మీదా నింద లేదు.

ఆ కాగితాన్ని తీసివేయుమని మాకు ఎవరూ చెప్పలేదు. కంపెనీ వారు చెప్పలేదు, ప్రధానోపాధ్యాయులూ చెప్పలేదు. తీసినది మేమే. అతిథి వచ్చి పోయిన తరువాత మరల అతికించవచ్చునని సొరుగులో పెట్టినాము. మరల అతికించలేదు. ఆ అమ్మాయి వచ్చి, ‘సార్, నా వ్యాసంలో తప్పులున్నాయా?’ అని అడిగినది. ‘కొన్ని అక్షరదోషాలున్నాయమ్మా’ అన్నాము. ఒక్కటీ లేదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టరాదని మనకు పెద్దలు నేర్పినారు. ఉర్దూలో దానినే నమక్ హలాలీ అంటాము. వ్యక్తికి అది గొప్ప గుణం. కాని విద్యాలయపు పనియే వాసాలు లెక్కపెట్టడం, ప్రతి ఇంటివీ, తన ఇంటివి కూడా. రసాయనశాస్త్ర ప్రయోగశాలకు గదులు కట్టించిన సంస్థ వదిలిన నీటిని ఆ ప్రయోగశాలలోనే పరీక్షించే స్వేచ్ఛ విద్యార్థికి ఉన్నదా? ఉన్నట్లయితే ఆ విరాళం దానం. లేనట్లయితే అది మౌనానికి కట్టిన వెల. ఆ వెలను ఎవరూ అడుగరు. మేము చెల్లించినట్లే, పుచ్చుకొన్నవారు తమంతట తామే చెల్లిస్తారు.

రెండవ పక్షం

ఇంతమాత్రాన విరాళాలే వద్దనే ఛాందసులము కాము. పేద బిడ్డల విద్యాలయాలు విరాళాలు లేక నడువవు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1877లో అలీగఢ్‌లో కళాశాల స్థాపించినప్పుడు మతభేదం లేకుండా అందరినీ అర్థించినారు. అక్కడి స్ట్రాచీ హాలు గోడలలో దాతల పేర్లు చెక్కిన పలకలు నేటికీ ఉన్నవి. ఆ పేర్లలో కృతజ్ఞత ఉన్నది, అమ్మకం లేదు.

మరొక సంగతి దాచరాదు. ఈ వ్యాసం అచ్చవుతున్న పత్రికయే ప్రకటనల సహాయంతో వెలువడుతున్నది. కడపటి పుటలలో వస్త్ర దుకాణం, మందుల దుకాణం, స్టీలు సామానుల అంగడివారి శుభాకాంక్షలు మీకు కనిపిస్తాయి. అవి తప్పా? కావని మా నమ్మకం. అవి ప్రకటనలుగానే ఉన్నవి, వ్యాసాల నడుమ వ్యాసాలవలె దాగలేదు. ఏ వ్యాసం ఉండాలో, ఏది ఉండరాదో ఆ వర్తకులు చెప్పలేదు. ఈ రెండు షరతులు నిలిచినంతకాలం వారు మనకు మిత్రులు.

ఇక విద్యార్థియే ప్రకటనగా మారే దుస్థితిని కూడా చెప్పాలి. కమాను వద్ద బోర్డుల మీద నవ్వుతున్న ఆ ముఖాలు ఎవరివి? వారి సమ్మతి ఎవరు అడిగినారు? కోచింగు సంస్థలు విజేతల పేరు, ఫోటో వాడుకొనుటకు వారు ఉత్తీర్ణులైన తరువాతనే వ్రాతపూర్వకమైన సమ్మతి తీసుకోవాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు విడుదల చేసినది. ఈ మర్యాదను కళాశాలలు కూడా పాటించడం ఉచితం.

పాలకవర్గానికి మా సూచనలు

ఒకటి: ప్రతి విరాళమూ, దాని షరతులూ వ్రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితం నోటీసు బోర్డు మీద అందరూ చదివే వీలుండాలి. దాచవలసిన షరతు ఉన్నదంటే అది ఒప్పుకోరాని షరతు.

రెండు: దాత పేరు ఒక పలక మీద, ఒక చోట ఉండవచ్చును. సరుకు పేరు, గుర్తు, నినాదం గోడలకు, బల్లలకు, పుస్తకాల అట్టలకు ఎక్కరాదు.

మూడు: తరగతి కాలం విక్రయవస్తువు కాదు. సంస్థల నిపుణులు తమ శాస్త్రాన్ని చెప్పుటకు రావచ్చును. సంచులలో నమూనాలు, చేతులలో ఫారాలు లేకుండా రావాలి.

నాలుగు: విద్యార్థి పేరు, ఫోటో, ఫోను నంబరు అతని సమ్మతి లేకుండా, మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బయటకు పోరాదు.

ఐదు: ఏ దాతకైనా సరే, విద్యార్థి వ్రాసిన వ్యాసం మీద, చేసిన ప్రయోగం మీద, అడిగిన ప్రశ్న మీద అధికారం లేదని విరాళ పత్రంలోనే ఒక వాక్యం చేర్చాలి. నిజమైన దాత ఆ వాక్యం క్రింద సంతోషంగా సంతకం చేస్తాడు. ఆ వాక్యం దాతకన్న ఎక్కువగా మా వంటి అధ్యాపకులకు అవసరం.

విద్యార్థులకు అభ్యాసం

1. మీ ఇంటి నుండి కళాశాల వరకు దారిలో కనిపించే ప్రకటనలను ఒక వారం పాటు లెక్కించి పట్టిక వేయండి. వాటిలో పిల్లలను ఉద్దేశించినవి ఎన్ని?

2. మీరు చదివిన బడిలో దాతల పేర్లున్న పలకలను గుర్తు తెచ్చుకోండి. ఏది దానం, ఏది ప్రాయోజకత్వం, ఏది ప్రకటన? కారణం చెప్పండి.

3. మీ ఊరి బావి, చెరువు లేక వాగు గురించి మీ పెద్దలను అడిగి ఒక పుట వ్రాయండి. మా బల్ల మీద పెట్టండి. అక్షరదోషాలుంటే దిద్ది, లేకపోతే ఉన్నది ఉన్నట్లుగా, గోడపత్రికలో అతికించే పూచీ మాది.